కోట విడిచిన శివుడు, తల మారిన గంగమ్మ: దేవుడికి హద్దులున్నాయా?



పోయిన నెల మన గుంపులో ఒక తమ్ముడు వేసిన ప్రశ్నకు నలుగురైదుగురు నవ్వు బొమ్మలు పెట్టి వదిలేశారు. "అన్నీ చేయగలవాడే దేవుడైతే, వేలూరు కోటలో తన గుడిని తాను ఎందుకు కాపాడుకోలేకపోయాడు?" అన్నది ఆ ప్రశ్న. నాకది నవ్వి వదిలేసేదిగా అనిపించలేదు. ఈ ప్రశ్నను మన జిల్లాలోనే నాలుగున్నర శతాబ్దాల కిందట ఒక మహాపండితుడు తలకెత్తుకున్నాడు. మన పక్క ఊరు గుడియాత్తంలో ఏడాదికోసారి జనమంతా వీధిలోకి తెచ్చి మరీ దానికి జవాబు చెబుతారు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. తీరిక ఉన్నప్పుడు చదవండి.

ముందు కోట సంగతి. వేలూరు కోట మనవాళ్ల కట్టడమని ప్రతి ఉగాది సభలోనూ చెప్పుకుంటాం. బొమ్మిరెడ్డి, తిమ్మారెడ్డి అనే అన్నదమ్ముల పేర్లు ఊరంతా చెబుతుంది. చరిత్రలో గట్టిగా నిలిచే పేరు చిన బొమ్మ నాయకుడిది. 16వ శతాబ్దంలో విజయనగరానికి సామంతుడిగా వేలూరు ఏలినవాడు, గొప్ప శివభక్తుడు. కోటలోని జలకంఠేశ్వర ఆలయం ఆయన కాలానిది. లింగం చుట్టూ నీళ్లు నిలిచిన చోట గుడి కట్టారు కనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. లోపలికి అడుగు పెట్టగానే ఎడమ చేతి వైపు కనిపించే కల్యాణ మంటపం స్తంభాల దగ్గర నిలబడితే అరగంట ఇట్టే గడిచిపోతుంది.

ఆ తరువాత కోట ఎన్ని చేతులు మారిందో చూడండి. 1614లో వేంకటపతి రాయలు కన్నుమూయగానే, వారసత్వం కోసం జగ్గరాయడు కొత్త రాజు శ్రీరంగరాయలను, ఆయన కుటుంబాన్ని చంపించాడు. ఒక్క కొడుకు మాత్రం దక్కాడు. వెలుగోటి యాచమ నాయకుడు ఆ పిల్లవాణ్ణి ఒక చాకలి చేత బట్టల మూటలో పెట్టించి బయటికి తప్పించాడని, ఆ రోజుల్లోనే ఈ సంగతులు రాసిపెట్టిన పోర్చుగీసు పాదిరి బర్రాదాస్ చెబుతాడు. ఆ బట్టల మూటను గుర్తుంచుకోండి. 17వ శతాబ్దం మధ్యలో బీజాపూరు సైన్యం వచ్చింది. 1678లో మరాఠాలు పట్టుకున్నారు. 18వ శతాబ్దం మొదట్లో మొగలు సేనాని దావూద్ ఖాన్, తరువాత ఆర్కాటు నవాబు మనుషులు, ఆపైన ఇంగ్లీషువాళ్లు. 1806 జూలై 10న సిపాయిలు తిరగబడ్డదీ ఈ గోడల మధ్యనే.

ఈ గొడవల్లోనే గర్భగుడి ఖాళీ అయింది. లింగాన్ని బయటికి తరలించి దాచారు. గుడి ఆయుధాల కొట్టుగా కూడా పనిచేసింది. ఆ తరువాత పురావస్తు శాఖ చేతికి వచ్చింది. చూడడానికి గుడే, పూజ మాత్రం లేదు. లింగం సత్తువాచారిలోని జలకంఠ వినాయకుడి గుడిలో ఉండిపోయింది. ఊళ్లో నాలుగు వందల ఏళ్లు అంటారు. బీజాపూరు వాళ్ల రాక నుంచి లెక్క వేస్తే మూడు వందల పైచిలుకు వస్తుంది. ఎలా లెక్క వేసినా పది తరాలకు పైమాటే. 1981 మార్చి 16, సోమవారం నాడు భక్తులు ఆ లింగాన్ని మళ్లీ కోటలోకి తెచ్చి ప్రతిష్ఠించారు. పురావస్తు శాఖకు ఇది ఇష్టం లేదు. పూజ ఆగిపోయిన కట్టడంలో మళ్లీ పూజ మొదలుపెట్టకూడదన్నది వాళ్ల నియమం. అయినా ఆ రోజు నుంచి దీపం వెలుగుతూనే ఉంది.

తమ్ముడి ప్రశ్న ఇక్కడే పుట్టింది. తన గుడి నుంచి తనను మోసుకుపోతుంటే ఊరుకున్నవాడు, తిరిగి రావడానికి కూడా మనుషుల భుజాలే కావలసినవాడు, సర్వశక్తుడెలా అయ్యాడు?

ఇప్పుడు చిన బొమ్మ నాయకుడి సభకు వెళదాం. ఆ సభలో అప్పయ్య దీక్షితులు ఉండేవారు. ఆరణి దగ్గరి అడయపాలం ఆయన ఊరు. తమిళ దేశంలో పుట్టినా తెలుగువాళ్లకు ఆయన పరాయివాడు కాదు. తెలుగు గొప్పతనం చెప్పే ఒక సంస్కృత శ్లోకం ఆయన పేరు మీదే మన సభల్లో తిరుగుతుంటుంది. అలంకార శాస్త్రం చదివినవాళ్లకు బాగా తెలిసిన కువలయానందం కూడా ఆయన వేంకటపతి రాయలు కోరగా రాసిందే. వేలూరులో ఉండగా చేసిన పెద్ద పని శివార్కమణిదీపిక. బ్రహ్మసూత్రాలకు శ్రీకంఠుడు శైవ దృష్టితో రాసిన భాష్యానికి అది వ్యాఖ్య. అది పూర్తయ్యాక నాయకుడు ఆయనకు కనకాభిషేకం చేశాడు. ఆయన నూరు గ్రంథాలు రాశారని, ఆ దీపికను 500 మంది విద్వాంసులకు చెప్పే ఏర్పాటు జరిగిందని అడయపాలంలోని కాలకంఠేశ్వర ఆలయ శాసనం చెబుతుంది. శాసనం 1582 నాటిది. అభిషేకంలో తడిసిన మనిషి ఆ బంగారాన్ని ఇంట్లో పెట్టుకోకుండా గుడికీ చదువుకూ పెట్టాడంటారు. మన సంఘం కోశాధికారులు గమనించవలసిన విషయం!

అది శైవులు, వైష్ణవులు ఒకరి మీద ఒకరు గ్రంథాలు రాసుకున్న కాలం. శివుడు గొప్పా విష్ణువు గొప్పా అన్న ఆ వాదాలను దూరం నుంచి చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. ఇద్దరూ తమ దేవుడికి హద్దు లేదంటారు, ఎదుటివాడి దేవుడికి మాత్రం కొలత వేసి చూపిస్తారు. దీక్షితులూ ఆ పోరులో ఉన్నవారే. అది పెద్దగా చెప్పుకోవలసింది కాదు. చెప్పుకోవలసింది బ్రహ్మసూత్రాల్లో రెండో అధ్యాయం మొదటి పాదం చివర వచ్చే విచారణ.

అక్కడ దేవుడి మీద రెండు నేరాలు మోపుతారు. ఒకటి పక్షపాతం. ఒకణ్ణి రాజుగా, ఒకణ్ణి బిచ్చగాడిగా పుట్టిస్తాడు. రెండోది దయ లేకపోవడం. ఇంత దుఃఖాన్ని చూస్తూ ఊరుకుంటాడు. చూశారా, మన తమ్ముడు అడిగింది ఇదే. మన గ్రంథాలు ఆ ప్రశ్న వేసినవాణ్ణి నాస్తికుడని తరిమెయ్యలేదు. దేవుణ్ణే బోనులో నిలబెట్టాయి. సూత్రకారుడి జవాబు ఏమంటే, దేవుడు తన ఇష్టం వచ్చినట్టు పంచడు, ప్రాణుల కర్మను చూసి పంచుతాడు. శంకరులు దీనికి వాన పోలిక చెబుతారు. వాన అన్ని మళ్ల మీదా ఒకటిగానే కురుస్తుంది. వరి వరిగానూ, యవలు యవలుగానూ రావడం విత్తనాన్ని బట్టి.

ఇక్కడే అసలు చిక్కు. కర్మను చూసి పంచాలంటే దేవుడు కర్మకు లోబడ్డట్టే కదా? అది హద్దు కాదా? మీమాంసకులు ఇంకో అడుగు ముందుకు వేశారు. కర్మే ఫలం ఇస్తున్నప్పుడు మధ్యలో దేవుడెందుకు అన్నారు. వేదాంతులు దానికి ఒప్పుకోలేదు. కర్మ జడం, లెక్క చూసి ఫలం ఇచ్చేవాడు వేరే ఉండాలన్నారు. హద్దు సంగతికి వాళ్లు చెప్పిన పోలిక రాజుది. సేవను బట్టి జీతం ఇచ్చే ప్రభువు ప్రభువు కాకుండా పోతాడా? ఎవరికి ఏమి తోస్తే అది పంచిపెట్టేవాడు ఎక్కువ ప్రభువా? ఈ పోలిక ఒక నాయకుడి కొలువులో వినబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చిన బొమ్మకు అది వేదాంతమూ, పాలనకు సలహా కూడా.

మన భాషలో దీనికి ఒక మాట ఉంది. హద్దు అంటే ఎవరో గీసింది. మర్యాద అంటే తనంతట తాను దాటనిది. సంస్కృతంలో మర్యాదకు మొదటి అర్థం గట్టు, పొలిమేర. సముద్రం దాటని చెలియలికట్ట మర్యాద. మనం దాన్ని మంచి నడతకు వాడుకుంటున్నాం. కర్మను చూడడం దేవుడికి హద్దు కాదు, మర్యాద అన్నది వేదాంతుల పక్షమని నేను అర్థం చేసుకున్నాను.

శ్రీకంఠుడి భాష్యంలో ఇంకో సొగసు ఉంది. శివుడు అందరినీ విడిపించాలనే చూస్తున్నాడు, కాని జీవుడి మలినం పక్వానికి రావాలి. మన ఇళ్లలో అయితే దోసెల పిండి సంగతి. పులియని పిండితో పెనం మీద ఎంత తిప్పలు పడినా దోసె రాదు. అది వంటమనిషి చేతకానితనం కాదు. పెనం కిందకు ఎంత మంట పెడితే మాత్రం ఏమి లాభం? అయినా మొండిగా అడగవచ్చు, అంతా చేయగలవాడు పిండిని ఒక్క క్షణంలో పులియబెట్టలేడా అని. అడగాల్సిందే. ఆ మొండి ప్రశ్నకు ఈ వాదం దగ్గర పూర్తి జవాబు లేదని నా అభిప్రాయం. బహుశా దీక్షితులకూ ఇది తెలుసు. శైవ సిద్ధాంతాన్ని అంత ప్రేమగా నిలబెట్టిన ఆయన తాను మాత్రం అద్వైతి.

ఆయన గురించి ఒక కథ ఉంది, శాసనంలో లేదు. తన భక్తి నిజమో కాదో తెలుసుకోవాలని ఉమ్మెత్త గింజలు తిని మతి తప్పించుకున్నారట. ఆ మైకంలో ఏమి వాగుతానో రాసిపెట్టండని శిష్యులకు చెప్పారట. వాళ్లు రాసుకున్నదే ఆత్మార్పణ స్తుతి అంటారు. జరిగిందో లేదో గాని, దేవుడి శక్తిని గురించి అంత వాదించిన మనిషి చివరికి పరీక్షకు పెట్టుకున్నది తన మనసునే అన్నది నాకు నచ్చింది.

ఈ చర్చ మన ఒక్కరిదే కాదు. వేలూరులోనే బాఖియాతుస్ సాలిహాత్ అరబిక్ కళాశాల ఉంది, సీఎంసీ ప్రార్థన మందిరం ఉంది. ఆ రెండు మతాల పండితులూ ఇదే గుంజాటన పడ్డారు. తాను ఎత్తలేని బండను దేవుడు చేయగలడా అనే పిల్లల పొడుపుకథ మీకు తెలిసే ఉంటుంది. ఇస్లాంలో గజాలీ, క్రైస్తవంలో థామస్ అక్వినాస్ దాదాపు ఒకే దారిన జవాబిచ్చారు. తనలో తానే కొట్టుకునే మాట అసలు పని కాదు, కనుక దాన్ని చేయలేకపోవడం లోపం కాదన్నారు. నాలుగు మూలల వృత్తం గీయలేదని వడ్రంగిని తప్పుపట్టం కదా.

కాని వాళ్లలో ఒక ప్రశ్న మాత్రం తేలలేదు. జరిగిపోయినదాన్ని జరగనట్టు దేవుడు చేయగలడా? గ్రీకుల అరిస్టాటిల్ అది దేవుడి వల్ల కూడా కాదన్న ఒక కవి మాటను మెచ్చుకున్నాడు. క్రైస్తవుల జెరోము ఈ ప్రశ్నను ఒక ఆడపిల్ల మీద పెట్టాడు. శీలం పోయిన కన్యను దేవుడు కూడా మళ్లీ కన్యను చేయలేడన్నాడు. 11వ శతాబ్దంలో పీటర్ దామియన్ అనే సన్యాసి ఆ మాట సహించలేక, దేవుడి సర్వశక్తి మీద ఒక పెద్ద ఉత్తరమే రాశాడు. ఎక్కడి ఇటలీ, ఎక్కడి గుడియాత్తం! ఆడదాని శీలం, జరిగినదాన్ని చెరపడం అనే ఈ రెండూ కలిసి మన ఊళ్లో ఒక జాతర అయ్యాయి.

రేణుక కథ అందరికీ తెలిసిందే. జమదగ్ని భార్య మనసు ఒక్క క్షణం చలించింది. తండ్రి ఆజ్ఞ మీద పరశురాముడు తల్లి తల నరికాడు. మహాభారతం వనపర్వంలో ఈ కథ చదవండి. అక్కడ తండ్రి మెచ్చి వరం కోరుకోమంటే కొడుకు చాలా తెలివిగా కోరుకుంటాడు. అమ్మ బతకాలి, తనను చంపిన సంగతి ఆమెకు గుర్తుండకూడదు, ఆ పాపం తనకు అంటకూడదు, ఆజ్ఞ పాటించక శాపం తిన్న అన్నలు మామూలు మనుషులు కావాలి. అన్నీ జరుగుతాయి. అంటే జరిగినది జరగనట్టే. జ్ఞాపకంతో సహా తుడిచేశారు. పీటర్ దామియన్ చదివి ఉంటే చాలా సంతోషించేవాడు.

మన దక్షిణాది పల్లెలు ఈ ముగింపును ఒప్పుకోలేదు. ఇక్కడి కథలో రేణుక కొడుకు కత్తికి భయపడి ఊరి బయటి వాడకు పరుగెత్తుతుంది. అక్కడ ఒక స్త్రీ ఆమెను కౌగిలించుకుని అడ్డు నిలుస్తుంది. కథలో ఆమెకు చండాలచ్చి అనే పేరు తప్ప వేరే పేరు లేదు. ఒకే వేటుకు రెండు తలలూ తెగుతాయి. వరం దొరికాక పరశురాముడు తొందరలో తలలు మార్చి అతికిస్తాడు. ఇద్దరూ లేస్తారు. తల ఒకరిది, మొండెం ఒకరిది. ఆ ఇద్దరిలో ఒకరు మారెమ్మ, ఒకరు ఎల్లమ్మ అయ్యారని కొందరు చెబుతారు. మళ్లీ సరిచేయడం మాత్రం ఏ కథలోనూ లేదు. వరం ప్రాణం తెచ్చింది, పాతదాన్ని తేలేదు.

గుడియాత్తంలో వైగాసి ఒకటో తేదీన, అంటే మే నెల నడుమ, జరిగే గంగమ్మ శిరసు జాతర ఇదే. మనలో చాలామంది చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, సరిహద్దుకు అవతల ఉన్న మన చుట్టాల కోసం చెబుతున్నాను. తెల్లవారుజామున తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి అమ్మవారి శిరసు బయలుదేరుతుంది. తల మాత్రమే. దారి పొడుగునా కొబ్బరికాయలు కొడుతూనే ఉంటారు, రోడ్డంతా చిప్పలూ నీళ్లూ. పులివేషాలు, కోలాటాలు, తప్పెట్లు. పలమనేరు వైపు నుంచి వచ్చే కౌండిన్య నది ఒడ్డున గోపాలపురంలో గంగమ్మ గుడి ఉంది. శిరసు అక్కడికి చేరాక, ముందే సిద్ధం చేసి ఉంచిన చండాలచ్చి మొండెం మీద దాన్ని నిలుపుతారు. అప్పుడు అమ్మవారు కళ్లు తెరిచినట్టు జనం పొంగిపోతారు. కుప్పం గంగమ్మ జాతరలో కూడా శిరసు ఊరేగింపు ఉంది, చూసినవాళ్లకు ఈ వరస తెలుస్తుంది.

దేవతే అయినా ఆమె కత్తిని ఆపలేకపోయింది. తన తలను తన మొండెం మీద పెట్టుకోలేకపోయింది. ఇన్ని హద్దులున్న దేవతకు అన్ని వేల కొబ్బరికాయలు ఎందుకు? నాకు తోచింది చెబుతాను. నరికినది నరికినట్టే ఉంటుందని ఆమెకు తెలుసు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆమె ముందు నిలబడితే "ఏమీ జరగలేదనుకో" అనదు. తుడిచేసిన జ్ఞాపకంతో లేచిన భారతంలోని రేణుక దగ్గరకు ఆ తల్లి వెళ్లి ఏమని చెప్పుకుంటుంది?

ఈ మాట ఎందుకంటున్నానంటే, చిత్తూరు, అనంతపురం, నెల్లూరు నుంచి సీఎంసీకి వచ్చే మనవాళ్లకు గది చూపించడం, తమిళం మాట్లాడి సాయపడడం మన సంఘం సభ్యుల్లో చాలామంది చేస్తున్న పని. ఆ వరండాల్లో "మీ కర్మ అలా ఉంది" అనే మాట నేను ఎన్నోసార్లు విన్నాను. మంచి మనుషులే అంటారు, ఓదార్పు అనుకునే అంటారు. దీక్షితుల దాకా వచ్చిన ఆ వాదం పుట్టింది దేవుడి మీద మోపిన నేరానికి జవాబుగా. దాన్ని తీసుకుపోయి ఐసీయూ బయట కూర్చున్న తల్లి మీద నేరంగా మోపడం ఆ వాదానికే అవమానం. శాస్త్రంలో బోనులో నిలబడ్డది దేవుడు, ఆమె కాదు.

ఆ ఆసుపత్రి పుట్టుకలోనూ హద్దుల కథే ఉంది. తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు భర్తలు వేర్వేరుగా వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యల కోసం సాయం అడిగారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, ఒకరు ఇంకో కులం హిందువు. డాక్టరు మగవాడని ముగ్గురూ ఆయన్ను వద్దన్నారు. వైద్యం చదవని ఆయన కూతురు ఐడా స్కడర్‌ను రమ్మన్నారు. తెల్లారేసరికి ముగ్గురు స్త్రీలూ పోయారు. ఆ అమ్మాయి అమెరికా వెళ్లి వైద్యం చదివి, 1900లో వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. 1918లో ఆడవాళ్లకు వైద్య పాఠశాల పెట్టింది. ఆ రాత్రి దేవుడు ఏమి చేయలేకపోయాడని అడిగేముందు, గుమ్మంలో గీత గీసింది ఎవరని కూడా అడగాలి.

గీతల సంగతి వచ్చింది కనుక గుడియాత్తం మొండెం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఊరి బయటి స్త్రీ దేహం లేకపోతే అమ్మవారు లేవనే లేవదు. కథ ఆ మాట ఎన్నో తరాలుగా చెబుతూనే ఉంది. అయినా ఆ స్త్రీ మనవరాళ్లు గుడి లోపలికి రావడానికి 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం కావలసి వచ్చింది. మనవాళ్లలో పెద్ద కులాల ఇళ్లు దీనికి మినహాయింపేమీ కాదు, ఈ మాట మన గుంపులో కొందరికి రుచించకపోవచ్చు.

తమ్ముడూ, నీ ప్రశ్నకు నా జవాబు ఇంతే. వేలూరు శివుడు సత్తువాచారిలో ఉన్న ఆ మూడు వందల పైచిలుకు ఏళ్లలో ఒక్కరోజు కూడా పూజ తప్పలేదని అక్కడివాళ్లు చెబుతారు. కోట గుడి ఖాళీ అయింది, దేవుడు ఖాళీ కాలేదు. సైన్యాలను ఆపగలవాడే దేవుడు అన్న కొలత పెడితే ఆయన ఓడిపోయాడు. ఆ కొలత రాజులది. చాకలి మూటలో తప్పించుకున్న రాజకుమారుడికి కోట గోడ పనికిరాలేదు, మూట పనికొచ్చింది.

వచ్చే వైగాసి ఒకటికి బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ముందు రోజు రాత్రికే గుడియాత్తం చేరుకోండి, పొద్దున్న దారులు మూసేస్తారు. శిరసు మొండెం మీద నిలవడం చూసి చాలామంది బస్సు ఎక్కేస్తారు. రాత్రి దాకా ఉండండి. చీకటి పడ్డాక ఆ తలను మళ్లీ విడదీసి, సున్నంబుపేటలోని చాకలి రేవుకు తీసుకుపోతారు.